సెలవుగుడ్డ

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు జుట్టు నెరిశాక వచ్చాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. కథ ముందు నడుస్తుంటే నేను వెనక రొప్పుకుంటూ వచ్చాను. మీరు కూడా కాస్త నెమ్మదిగా రండి.

బూట్ల కార్ఖానాలో జిగురు బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. మేస్త్రీ నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ ఆమె బంకపిన్నే. ఆ పేరుకు ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. "పట్టుకుంటే వదలను, అందుకే ఆ పేరు," అని తనే నవ్వేది.

పని చెప్పుకోవడానికి ఎంతో లేదు. బూటు పైభాగాన్ని చెక్కపాదం మీద బిగించి పంపుతారు. దాని అడుగును గరుకుకాగితంతో రుద్ది సొల్యూషన్, అంటే ఘాటు జిగురు, పూయాలి. రబ్బరు అడుగుకూ పూయాలి. రెండింటినీ పక్కన పెట్టి, వేలు తగిలిస్తే అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. అప్పుడు కలిపి సుత్తితో మెల్లగా కొట్టాలి. తొందరపడితే జారుతుంది, ఆలస్యం చేస్తే పట్టదు. ఆ మధ్యలో ఉండే అదను పిన్ని వేలికి తెలుసు. తడిమీద దుమ్ము పడితే అడుగు నెల తిరక్కుండా ఊడిపోతుంది కాబట్టి ఆ గది కిటికీలు ఏ కాలంలోనూ తెరవరు. చలికాలంలో తలుపు కూడా వేసేవారు.

కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తేవారు. తర్వాత అలవాటు పడేవారు. ఇంకొన్నాళ్ళకు ఇంకో బాధ మొదలయ్యేది. సెలవురోజు మధ్యాహ్నానికి తల పగిలిపోయేది. చేతులు వణికేవి. ఏ కారణమూ లేకుండా పిల్లల మీద విరుచుకుపడేవారు. మర్నాడు బల్ల ముందు కూర్చుని డబ్బా మూత తీయగానే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది.

దానికి ఆ బల్లకు ఒక వైద్యం ఉంది. ఎవరు మొదలెట్టారో తెలియదు. సెలవుకు ముందురోజు సాయంత్రం బ్రష్షులు తుడిచిన గుడ్డను పారేయకుండా మడిచి ఇంటికి పట్టుకెళ్ళేవారు. తల పట్టేసినప్పుడు ముక్కు దగ్గర పెట్టుకునేవారు. దాని పేరు సెలవుగుడ్డ. "ముల్లును ముల్లుతోనే తీయాలే పిల్లా. ఈ పని తెచ్చిన నొప్పికి ఈ పనిలోనే మందు," అని కొత్తవాళ్ళకు పిన్నే చెప్పేది, కూతురికి వంట నేర్పినట్టు.

అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. అది దాక్కుని తాగేది కాదు, సందులో కొనుక్కొచ్చేది కాదు. మేస్త్రీ స్వయంగా డబ్బాలో పోసి ఇచ్చేది. మేస్త్రీ పోసింది మత్తు ఎలా అవుతుంది?

మత్తంటే ఏమిటో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని పిన్ని నమ్మకం. ఆమె భర్త గోడలకు రంగులు వేసేవాడు. సాయంత్రమైతే తాగేవాడు. ఒకసారి అతను దాచుకున్న సీసాను ఆమె వీధిలోకి తెచ్చింది. ఇరుగుపొరుగునంతా కేకలేసి పిలిచింది. "చూడండి, ఇదీ మా ఇంటి మగమహారాజు సంపాదన!" అంటూ అందరి ముందూ సీసాను కాలువలోకి వంపింది. ఆ మనిషి తల దించుకుని నిలబడ్డాడు. జనం వెళ్ళిపోయాక నెమ్మదిగా అన్నాడు: "నీ ముక్కుకు నా వాసన తప్ప ఇంకో వాసన తెలీదే."

తాగినవాడి మాటకు విలువేమిటి? ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తర్వాత కొన్నేళ్ళకు అతను పోయాడు. ఆ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు, ఆమె వినే రోజు కోసం ఒక మూల కూర్చుని ఉంది.

కూతురికి సంబంధం వచ్చినప్పుడు పిన్ని మొదట చూసింది అబ్బాయి ఉద్యోగం కాదు. అతను బస్సు డ్రైవరు. కుర్చీలో కూర్చోగానే దగ్గరికెళ్ళి, "హా అను బాబూ," అంది.

"ఏంటండీ?"

"నోరు తెరిచి హా అను."

"పళ్ళు లెక్కపెడతారా ఏంటండీ, గుర్రాన్ని కొంటున్నట్టు?"

అతని అక్క నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. అబ్బాయి హా అన్నాడు.

"ఉల్లిపాయ తిన్నావు."

"తిన్నానండి."

"అంతేగా. సరే, పెళ్ళి మాటలు మాట్లాడుకోండి," అంది పిన్ని.

అది ఆ ఇంట్లో పెద్ద హాస్యమైపోయింది. పెళ్ళయ్యాక కూతురూ అల్లుడూ పిన్నితోనే ఉన్నారు, రెండో అంతస్తులో మూడు గదుల ఇంట్లో. అల్లుడు డ్యూటీ దిగి రాగానే తిన్నగా అత్తగారి ముందుకొచ్చి ఊదేవాడు.

"అత్తయ్యా, పాసా ఫెయిలా?"

"పాసే. వెళ్ళి కాళ్ళు కడుక్కో."

"పొద్దున డిపోలో ఊదడానికి ఒక మిషన్, సాయంత్రం ఇంట్లో ఒక మిషన్. ఆ మిషనన్నా అప్పుడప్పుడూ చెడిపోతుంది. ఇది చావదు, చెడదు," అనేవాడు.

"నేను చచ్చేదాకా ఈ ఇంట్లోకి మత్తు రాదు," అనేది పిన్ని. అలా అంటున్నప్పుడు సెలవుగుడ్డ ఆమె శాలువా మడతలో, ఎడమ భుజం దగ్గర, పిన్నీసుతో గుచ్చి ఉండేది.

మొదట్లో అది సెలవురోజులకే. భర్త పోయాక సాయంత్రాలకూ వచ్చింది. మోకాళ్ళు పట్టేయడం మొదలయ్యాక పక్క ఎక్కే ముందు కూడా. ఇప్పుడు రోజూ గుడ్డ మారేది. తల కాస్త పక్కకు తిప్పితే చాలు, అందేది. చూసేవాళ్ళకు పెద్దావిడ భుజానికి గడ్డం ఆనించి ఆలోచిస్తున్నట్టు ఉండేది. వాసన ఎవరూ పట్టలేదు. చేపలమ్మే ఇంట్లో చేపల వాసన ఎవరికి తెలుస్తుంది? ఆమె చీకటితో లేచి వెళ్ళి, బంక పూసి, బంక వాసనతో తిరిగొచ్చే మనిషి.

కూతురికి కొడుకు పుట్టాడు. వాడు ఏడుపుగొట్టు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. తల్లి ఊపి ఊపి అలిసిపోయేది. తండ్రి జోలపాట ఎత్తుకుంటే ఇంకా బెదిరేవాడు.

"వెనకాల బస్సు వస్తోందనుకుంటున్నాడు పాపం," అనేది కూతురు.

వాడికి ఐదో నెల రాగానే కూతురు మళ్ళీ బేకరీలో సాయంత్రం షిఫ్టుకు వెళ్ళడం మొదలుపెట్టింది. పిన్ని కార్ఖానా నుంచి వచ్చి పిల్లాణ్ణి అందుకునేది. అప్పుడు జరిగింది ఆ వింత. అమ్మమ్మ ఎత్తుకుని ఎడమ భుజాన వేసుకోగానే వాడు ఏడుపు ఆపాడు. కాసేపు ముక్కు శాలువాలో పెట్టి మూలిగాడు. అలాగే నిద్రపోయాడు. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే.

"చెయ్యి మంచిదమ్మా నీది," అంది కూతురు.

"చెయ్యి కాదు, అది బంక. అంటుకుంటే ఊడదు," అన్నాడు అల్లుడు.

కింద వాటాలో ఉండే టీచరమ్మ మెట్ల మీద ఆపి మరీ అడిగింది. "ఏం మంత్రమండీ పిన్నిగారూ? మా పిల్లలప్పుడు మీరు లేకపోయారు, నేను నిద్రలేక సగం చచ్చాను."

"మంత్రమేముందమ్మా. పసివాళ్ళకు పెద్దవాళ్ళ ఒంటి వెచ్చదనం కావాలి," అంది పిన్ని. ఆ వేళ మెట్లు ఎక్కుతుంటే మోకాళ్ళ నొప్పి తెలియలేదు. బతుకంతా సొల్యూషన్ పూసిన చేతిని ఒకరు మంచిదన్నారు. అది ఎంత తీయగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక సెలవురోజు పొద్దున పిన్ని స్నానానికి వెళ్ళింది. ఎండ బాగా కాస్తోందని కూతురు ఇంట్లోని దుప్పట్లన్నీ ఉతుకుతూ, కొక్కేనికి ఉన్న తల్లి శాలువా కూడా తీసి సబ్బునీళ్ళలో వేసింది. పిన్నీసు తీసింది. మడతలోంచి పడిన గుడ్డను కిటికీ గట్టు మీద పెట్టింది.

పిన్ని బయటికొచ్చేసరికి శాలువా బాల్కనీలో నీళ్ళు కారుతోంది.

"నన్నడగకుండా ఎందుకు ఉతికావే?" అంది. గొంతు తనకే కటువుగా వినిపించింది.

"అట్ట కట్టిందమ్మా, నిలబెడితే నిలబడేలా ఉంది!"

పిన్ని స్వెట్టరు వేసుకుని కూర్చుంది. కాసేపటికి కణతలు కొట్టుకోవడం మొదలైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకుంది. అంతలో పిల్లాడు లేచి గుక్కపట్టాడు. కూతురి చేతులనిండా సబ్బు. "అమ్మా, కాస్త పట్టుకో."

పిన్ని ఎత్తుకుని భుజాన వేసుకుంది. వాడు ఏడుపు ఆపలేదు. ముఖం ఆమె స్వెట్టరుకు రుద్దాడు. ముక్కుతో భుజమంతా తడిమాడు. మెడ దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ భుజానికొచ్చాడు. నోరు కాదు, ముక్కు. పాల కోసం వెతికే పిల్లాడు నోటితో వెతుకుతాడు. వీడు ముక్కుతో వెతుకుతున్నాడు. దొరక్క, చిన్న పిడికిళ్ళు బిగించి, వణుకుతూ ఏడ్చాడు.

పిన్ని అప్పటికే ఎడమవైపు తల తిప్పి ఉంది, స్వెట్టరు భుజానికి ముక్కు ఆనించి. ఇద్దరి ముఖాలూ ఒకే చోట తగిలాయి.

ఆమె మంచం అంచు పట్టుకుని కూర్చుంది.

"వాసన మారిపోయింది కదా, వాడికి నువ్వు తెలియట్లేదు," అంటూ కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కిటికీ గట్టు మీది గుడ్డను తీసింది. "ఇదిగో, ఇది శాలువాలోదేగా. దీంట్లో నీ వాసన ఉంది. వాడి దిండు కింద పెడతానుండు."

"వద్దు!"

కూతురు ఉలిక్కిపడింది.

"మురికిదే అది. బ్రష్షులు తుడిచింది. ఇటివ్వు." పిన్ని దాన్ని లాక్కుని వంటగదిలో చెత్తబుట్టలో పడేసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మురికి అన్న మాట దానికి అడ్డుపడింది. అదీ అబద్ధం కాదుగా అనుకుంది.

కూతురు పిల్లాణ్ణి తీసుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు పిన్ని తలలో సుత్తిదెబ్బలా పడుతోంది. వంటగది దాటి బాత్రూముకు వెళ్ళబోయింది. చెత్తబుట్ట దగ్గర ఆగింది. ఇవాళ్టికి, అనుకుంది. నొప్పి తగ్గేదాకా, అంతే. రేపటినుంచి పిల్లాడి దగ్గరికి ఇది రాకుండా చూసుకుంటాను.

పిల్లాడి మురికి బట్టల కింద చెయ్యి పెట్టి గుడ్డను తీసింది. బాత్రూములో కుళాయి విప్పి, ఆ చప్పుడులో గోడకు ఆనుకుని నిలబడింది.

బయటికొచ్చేసరికి చేతులు కుదుటపడ్డాయి. గుడ్డ స్వెట్టరు లోపల, ఎడమ భుజం దగ్గర ఉంది. కూతురు కళ్ళనీళ్ళతో పిల్లాణ్ణి ఊపుతోంది. వాడు అమ్మమ్మను చూసి రెండు చేతులూ చాచాడు.

ఆ చేతులు చూసి కూడా ఆమె వెనక్కి తిరగలేదు. వాణ్ణి అందుకుంది. వాడు ముక్కు పెట్టాడు, దొరికింది, మూలిగాడు, వాలిపోయాడు.

"హమ్మయ్య. నీ చెయ్యి నీదేనమ్మా," అంది కూతురు.

పిన్ని, వాడు దిగితే మళ్ళీ ఏడుస్తాడని, ఏడిస్తే కూతురు మళ్ళీ గుడ్డ సంగతి ఎత్తుతుందని, దించకుండా అలాగే కూర్చుంది. చలిగా ఉందని కూతురు కిటికీలు వేసింది.

మధ్యాహ్నం పాలవేళ దాటినా పిల్లాడు లేవలేదు. కూతురు తీసుకుని బుగ్గ తట్టింది. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూశాడు. తల తల్లి చేతిలోంచి వేలాడింది. "ఏమండీ!" అన్న ఆమె కేకకు అల్లుడు గడ్డానికి సబ్బుతోనే పరుగెత్తుకొచ్చాడు.

వీధి మలుపులో ఆసుపత్రి. సెలవురోజైనా డాక్టరమ్మ ఉంది. పిల్లాణ్ణి బల్లమీద పడుకోబెట్టి గుండె చూసింది, కళ్ళు చూసింది. నర్సు వాడి అరికాలు మీద వేలితో కొట్టింది. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు, కానీ చాలా నెమ్మదిగా, ఎవరో బతిమాలితే తీసుకున్నట్టు. పిన్ని ఆ అరికాలినే చూస్తోంది. ఎన్ని అడుగులు అతికించిందో లెక్కలేదు. ఇంత చిన్న అడుగు, ఇంకా నేల తగలనిది.

"నిద్రపోవడానికి ఏమైనా పట్టారా?" అంది డాక్టరమ్మ. "దగ్గుమందు? ఎవరిదైనా మాత్ర? తిట్టడానికి అడగట్లేదు. తెలిస్తే వైద్యం తొందరగా చేయగలను."

"లేదండీ, పాలు తప్ప ఏదీ పట్టలేదు. వాడి మీద ఒట్టు," అంది కూతురు ఏడుస్తూ.

"ఇంట్లో ఎవరికైనా మత్తు అలవాటుందా?"

అల్లుడు భయంలోనే నవ్వాడు. "మా అత్తయ్య ఉన్న ఇంట్లోనా డాక్టరుగారూ? నేను ఉల్లిపాయ తిన్నా పట్టేస్తారు. మా ఇల్లు గుడి కంటే శుభ్రం. కావాలంటే ఆవిణ్ణే అడగండి."

నర్సు కూడా చిన్నగా నవ్వింది. అందరూ పిన్నివైపు చూశారు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది పిన్ని. ఊరుకుంటే? ఇంటికెళ్ళి గుడ్డను కాల్చేస్తే? వాడే కోలుకుంటాడు, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఒళ్ళు కుచించుకుపోయింది. నర్సు మళ్ళీ అరికాలు మీద కొట్టింది. ఈసారి వాడు కాలు తీయలేదు.

"నాకుంది," అంది పిన్ని.

"ఏముంది అత్తయ్యా?"

ఆమె స్వెట్టరులో చెయ్యి పెట్టి గుడ్డను తీసి బల్లమీద పెట్టింది. ఆ మూసిన గదిలో వాసన గుప్పుమంది. డాక్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, "కిటికీ తెరువు," అని నర్సుతో అంది.

"అది బంకగుడ్డ డాక్టరుగారూ," అన్నాడు అల్లుడు, ఇంకా అత్తగారి పక్షానే. "ఆవిడ బూట్ల కార్ఖానాలో..."

"పనికోసం కాదు బాబూ. పీలుస్తాను. రోజూ. భుజం దగ్గర పెట్టుకుంటాను. వీడు పడుకునేది ఆ భుజం మీదే."

అక్కడితో ఆపినా సరిపోయేది. తెలియక చేసిందని అనుకునేవారు. పిన్ని నేల చూస్తూ మిగతాది కూడా చెప్పింది.

"పొద్దున నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా మళ్ళీ ఎత్తుకున్నాను."

కూతురు తల్లిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "నువ్వు... చెత్తబుట్టలో పడేశావుగా?"

"తీశాను."

"వాడి గుడ్డల కిందినుంచా?"

పిన్ని తల ఊపింది.

డాక్టరమ్మ అప్పటికే పిల్లాడి ముఖానికి గాలిగొట్టం పెడుతోంది. చేతులు పనిచేస్తుండగానే అడిగింది. "ఎన్నాళ్ళుగా ఉందమ్మా ఇది మీకు?"

"అది తలనొప్పికండీ. సెలవురోజు తల పగిలిపోతుంది. బల్ల దగ్గర అందరికీ అంతే. దానికి మందుగా..."

"ఆ నొప్పి పుట్టించిందే అదమ్మా. తాగేవాడికి తాగకపోతే చేతులు వణకవూ? ఇదీ అదే."

తాగేవాడికి. ఆ మాట పిన్ని ముఖాన ఎవరో సీసా వంపినట్టు తగిలింది. గదిలోంచి బయటికొచ్చి వరండాలో బల్లమీద కూర్చుంది. మూల కూర్చున్న మాట ఇప్పుడు లేచి వచ్చింది. నీ ముక్కుకు నా వాసన తప్ప ఇంకో వాసన తెలీదే. ఆ మనిషి కోపంగా అనలేదు. అతనికి తెలుసు. తెలిసీ వీధిలో అందరి ముందూ ఆ మాట అనలేదు. జనం వెళ్ళేదాకా ఆగాడు.

సాయంత్రానికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. గుక్కపట్టి, గొంతు చించుకుని, పాత ఏడుపు. వరండాలో ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. పిన్ని ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నది. లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. అల్లుడు బయటికొచ్చి, "బాగున్నాడు. రేపు పంపిస్తారట," అన్నాడు. ఎప్పుడూ ముఖంలో ముఖం పెట్టి ఊదే మనిషి, ఆమె చెప్పులతో మాట్లాడినట్టు నేల చూసి మాట్లాడి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటి మెట్ల దగ్గర టీచరమ్మ ఎదురొచ్చింది. "పిల్లాడికేమైంది పిన్నిగారూ? జ్వరమా?"

"కాదమ్మా. నా వల్లే," అంది పిన్ని. రెయిలింగు పట్టుకుని, నిలబడి, ఉన్నదంతా చెప్పింది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తాళంచెవి వెతుక్కుంది.

మర్నాడు కార్ఖానాలో బల్ల దగ్గర కూడా చెప్పింది. కిటికీ గడియ తీయబోతే మేస్త్రీ, "దుమ్ము పడుతుంది పిన్నీ, నీకు తెలీదా?" అన్నాడు. ఆడవాళ్ళు తలలు దించుకుని బ్రష్షులు ఆడిస్తూ విన్నారు. ఎదురుగా కూర్చునే పొట్టివదిన మాత్రం తలెత్తింది.

"నాకు గుడ్డ మడవడం నేర్పింది ఎవరు పిన్నీ?"

"నేనే."

"మందన్నావు."

"అన్నాను."

"నా చిన్నది నా పక్కలోనే పడుకుంటుంది," అంది పొట్టివదిన. బ్రష్షు డబ్బాలో వదిలేసి తనే వెళ్ళి కిటికీ తోసింది. మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. పిన్ని ఆ రోజే బల్ల వదిలి, వెనక షెడ్డులో బూట్లు డబ్బాల్లో సర్దే పనికి మారింది.

డాక్టరమ్మ చెప్పిన పెద్దాసుపత్రికి వెళ్ళింది. మత్తు మాన్పించే వార్డు ముందు వరసలో అందరూ మగవాళ్ళే. మాసిన గడ్డాలు, వణికే చేతులు, రంగుమరకల చొక్కా ఒకటి. పక్కన కూర్చున్న ముసలాయన జరిగి చోటిచ్చాడు. "రా తల్లీ, కూర్చో. కొడుకు కోసమా?"

"కాదయ్యా."

"మరి ఇంటాయన కోసమా?"

అవునని చెప్పడం ఎంత సులువు! పోయిన మనిషి మీద ఇంకొకటి వేస్తే అతను వచ్చి కాదంటాడా?

"నా కోసమే," అంది.

ఆయన నవ్వలేదు. "నీళ్ళు తాగుతుండు. మొదట్లో నీళ్ళే దిక్కు," అన్నాడు.

ఆ చలికాలం పిన్ని ఎలా గడిపిందో చెప్పుకోదగ్గది కాదు. వణికింది, కక్కుకుంది. ఒకసారి షెడ్డునుంచి జిగురుగది తలుపుదాకా వెళ్ళి, గడియ పట్టుకుని, పొట్టివదిన చూస్తోందని వెనక్కొచ్చింది. ఇంట్లో ఆమె గిన్నెలు కడిగేది, బట్టలు ఉతికేది. పిల్లాడున్న గదిలోకి అడుగుపెట్టేది కాదు. పెట్టొద్దని ఎవరూ అనలేదు. తలుపు దగ్గరగా వేసి ఉండేది, అంతే. అల్లుడు డ్యూటీనుంచి వచ్చి తిన్నగా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవాడు.

చలి తగ్గి కిటికీలు తెరుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం పిన్ని హాల్లో నేల తుడుస్తోంది. కూతురు పిల్లాణ్ణి చంకనేసుకుని గదిలోంచి వచ్చింది. బేకరీకి వేళవుతోంది. అల్లుడు అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూతురు పిల్లాణ్ణి అతనికి ఇవ్వబోయి ఆగింది.

"అమ్మా, ఇలా రా."

పిన్ని చేతులు తుడుచుకుని లేచింది. కూతురు ముందు ఆమె అరచేతులు ఎత్తి వాసన చూసింది. తర్వాత జుట్టు. శాలువా ఎడమ మడతను వేళ్ళతో తడిమి, విప్పి చూసింది. పిన్ని బడిపిల్లలా నిలబడింది. అప్పుడు కూతురు ముఖం దగ్గరగా పెట్టి, తల్లి కళ్ళలోకి చూడకుండా అంది:

"హా అను."

అల్లుడు లేచాడు. ఇటు చూడలేక, తెరిచే ఉన్న కిటికీ దగ్గరికి వెళ్ళి, దాని రెక్కను మళ్ళీ తోయసాగాడు.

పిన్ని నోరు తెరిచింది. "హా."

పాస్ అని ఎవరూ అనలేదు. కూతురు పిల్లాణ్ణి తల్లి చేతుల్లో పెట్టింది.

వాడు బరువెక్కాడు. పాత అలవాటున ఎడమ భుజానికి వాలి ముక్కు రుద్దాడు. ఏమీ దొరకలేదు. తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు, పెదవి వంకరపెట్టి, ఏడుపు అందుకున్నాడు.

"తీసుకోనా?" అంది కూతురు, చెప్పులు వేసుకుంటూ.

"వద్దు. ఏడవనీ."

కూతురు వెళ్ళింది. అల్లుడు కిటికీ దగ్గరే ఉన్నాడు. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. కింద వాటాలో టీచరమ్మ కిటికీ రెక్క వేసుకున్న చప్పుడు వినిపించింది. పిన్ని తలెత్తకుండా, వాణ్ణి కుడి భుజం మీదికి మార్చుకుని, నడవడం మొదలుపెట్టింది.

రాసింది: బుల్లక్క, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది మా అక్క కూతురి ఇంట్లో, మేడమీది గదిలో.